జ్ఞానదంతం తీయించుకోవాలా? సెలవు పెట్టే ముందు ఆలోచించాల్సినవి

ఒకే ఎక్స్‌రే పట్టుకుని రెండు క్లినిక్‌లకు వెళితే రెండు రకాల మాటలు వినాల్సి రావచ్చు. ఒకచోట “నాలుగూ తీసేద్దాం, ఎప్పటికైనా ఇబ్బందే” అంటారు. ఇంకోచోట “ఇప్పుడేం అక్కర్లేదు, వదిలేయండి” అంటారు. మొదటాయనది డబ్బాశ అనీ, రెండో ఆయనకు చేయి తిరగలేదనీ మనం తీర్పు చెప్పేస్తాం. విషయం అంత తేలిగ్గా తేలేది కాదు. ఈ రెండు వాదనలూ దంతవైద్యంలో దశాబ్దాలుగా పక్కపక్కనే నడుస్తున్నాయి, ఇప్పటికీ పూర్తిగా తెగలేదు.

బ్రిటన్‌లో ఏం జరిగిందో చూస్తే ఆ వాదన సంగతి అర్థమవుతుంది. అక్కడి ప్రభుత్వ వైద్యసేవలో ఏ చికిత్స చేయాలో, ఏది అక్కర్లేదో చెప్పే సంస్థ నైస్. జబ్బు లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త పేరుతో తీయడం ఆపేయమని 2000లో ఆ సంస్థ చెప్పింది. కోతలో నొప్పి, వాపు, పోయే పనిదినాలు, అరుదుగా నరానికి దెబ్బ ఖాయంగా కనిపిస్తున్నాయి, ముందే తీసేస్తే కలిగే లాభానికి మాత్రం సరైన రుజువు లేదన్నది దాని లెక్క. 2008లో అమెరికాలోని పబ్లిక్ హెల్త్ అసోసియేషన్ కూడా ముందుజాగ్రత్త కోతలు వద్దంది. అక్కడి దవడ శస్త్రచికిత్స నిపుణులు ఆ మాటతో పూర్తిగా ఏకీభవించలేదు. ఆ తర్వాత బ్రిటన్‌లో కోతలు మొదట తగ్గాయి, కొన్నేళ్లకు మళ్లీ పెరిగాయి. ఈసారి వచ్చినవాళ్ల వయసు ఎక్కువ. వాళ్లలో చాలామందిది పిప్పి సమస్య. కొందరికైతే జ్ఞానదంతం ఒరిగి ఆనుకోవడం వల్ల దాని ముందున్న మంచి దవడ పన్ను కూడా వెనకవైపు పుచ్చిపోయింది.

అంటే “నాలుగూ తీసేయ్” అనడం తొందరపాటైతే, “నొప్పొచ్చినప్పుడు చూద్దాం” అనడం బద్ధకం. నొప్పి లేకపోవడం వేరు, జబ్బు లేకపోవడం వేరు. వెనక మూలన చిగురు కింద సగం దాగిన పన్ను ఏ నొప్పీ లేకుండా ఏళ్ల తరబడి పక్క పన్నును పాడుచేయగలదు. అందుకని నొప్పి ఉందా లేదా అన్నదాని మీద కాక, ఎక్స్‌రేలో ఏం కనిపిస్తోంది, ఆ పన్ను దాకా మీ బ్రష్ వెళ్తోందా, మీ వయసెంత, మీరు చేసే పనేమిటి అన్న నాలుగింటి మీద నిర్ణయం జరగాలి. చివరిది డాక్టర్లు సాధారణంగా అడగరు. మనమే చెప్పాలి.

మామూలుగా ఈ పళ్లు పదిహేడు నుంచి పాతికేళ్ల మధ్య వస్తాయి. అందరికీ నాలుగూ రావు. ప్రపంచంలో దాదాపు ఐదో వంతు మందికి కనీసం ఒక జ్ఞానదంతం పుట్టుకతోనే ఉండదు. ఉన్నవాళ్లలో కొందరికి దవడలో చోటు చాలదు. అప్పుడు పన్ను నిటారుగా రాకుండా ముందుకు ఒరుగుతుంది, అడ్డంగా పడుకుంటుంది, లేదా ఎముకలోనే ఉండిపోతుంది. వీటిలో ముందు పన్ను మీదికి ఒరిగేది ఎక్కువగా కనిపిస్తుంది. ఎక్కువ చేటు చేసేదీ అదే. పూర్తిగా ఎముకలో కూరుకుపోయిన పన్ను కంటే సగం బయటికి వచ్చి సగం చిగురు కింద ఉన్న పన్నుతోనే గొడవ. లోపలున్నదాన్ని నోట్లో ఉండే సూక్ష్మజీవులు అంత తేలిగ్గా చేరలేవు. సగం వచ్చినదాని మీద చిగురు మూతలా కప్పుకుని ఉంటుంది. ఆ మూత కింద అన్నం మెతుకు, పప్పు పొట్టు చేరి కుళ్లుతాయి. పైన ఉన్న పన్ను ఆ చిగురును కొరుకుతుంది. చిగురు వాస్తుంది, వాచిన చిగురును పై పన్ను ఇంకా గట్టిగా కొరుకుతుంది.

ఉద్యోగం చేసేవాళ్లను ఎక్కువగా సతాయించేది ఈ చిగురు వాపే. నిద్ర చాలనప్పుడు, పని ఒత్తిడిలో, జలుబు చేసినప్పుడు మొదలవుతుంది. మెడికల్ షాపులో చెబితే ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి బిళ్ల ఇస్తారు. మూడు రోజుల్లో తగ్గిపోతుంది, మనమూ మర్చిపోతాం. రెండు నెలలకు మళ్లీ వస్తుంది. నైస్ మార్గదర్శకం ప్రకారం చిగురు వాపు మొదటిసారి వచ్చి, అదీ మరీ తీవ్రంగా లేకపోతే పన్ను తీయనక్కర్లేదు. శుభ్రం చేసి, పుక్కిలింతలతో సరిపెట్టవచ్చు. రెండోసారి వస్తే తీయించుకోవడం గురించి ఆలోచించాలి. డాక్టరు దగ్గర “ఇదే మొదటిసారి” అనే ముందు గుర్తు తెచ్చుకోండి. మెడికల్ షాపు మాత్రలతో గడిపేసిన సారి కూడా లెక్కలోకి వస్తుంది. ఎప్పుడెప్పుడు వాచిందో ఫోన్ క్యాలెండర్‌లో రాసి పెట్టుకుంటే ఎక్స్‌రే ఎంత పనికొస్తుందో అదీ అంత పనికొస్తుంది.

ఇంకో మాట. చిగురు కింద ఇరుక్కున్న చెత్త పోకుండా యాంటీబయాటిక్ ఎన్నిసార్లు మింగినా రోగం మూలం అలాగే ఉంటుంది. జ్వరం, నోరు తెరుచుకోకపోవడం, ముఖం మీదికి పాకిన వాపు ఉంటేనే ఆ మందుల అవసరం ఎక్కువ. లేకపోతే చిగురు కింద కడిగించుకోవడం, గోరువెచ్చని ఉప్పునీళ్లు చాలాసార్లు సరిపోతాయి. ఆస్పిరిన్ బిళ్లను చిగురు మీద పెట్టుకునే అలవాటు మానండి, అక్కడ చర్మం కాలుతుంది. బయట చెంపకు వేడి కాపడం కూడా వద్దు.

అయితే ఒక్క సందర్భంలో క్లినిక్ అపాయింట్‌మెంట్ కోసం కూర్చోకూడదు. దవడ కింద, గొంతు ముందు గట్టిగా వాచి, మింగడం కష్టమై, మాట ముద్దగా వస్తూ, జ్వరం ఉంటే రాత్రయినా సరే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. కింది దవడ పళ్ల చీము గొంతు పొరల్లోకి పాకితే ఊపిరి దారి మూసుకుపోతుంది. ఇది అరుదే కానీ ప్రాణం మీదికి తెచ్చేది. రేపు షిఫ్ట్ ఉంది కదా అని ఆగే రకం జబ్బు కాదు.

సరే, ఉంచుకోదగ్గ పన్ను ఏది? నిటారుగా పూర్తిగా వచ్చింది, ఎదురుగా ఇంకో పన్నుతో కలిసి నములుతోంది, చుట్టూ చిగురు గట్టిగా ఉంది, బ్రష్ దాకా వెళ్తోంది. అలాంటి పన్నును తీయించుకోవడానికి కారణమే లేదు. పైగా ముందున్న దవడ పళ్లు పోయినవాళ్లకు వెనక నిలబడి ఉన్న జ్ఞానదంతం ఒక్కోసారి బ్రిడ్జికి ఆధారం అవుతుంది. నలభై దాటినవారిలో ఏ తిత్తీ, ఏ పుచ్చూ లేకుండా ఎముక లోపల పూర్తిగా నిద్రపోతున్న పన్ను కూడా ఇలాంటిదే. దాన్ని లేపి బయటికి తీయాలంటే ఎముక చాలా తొలగించాలి. నా అభిప్రాయంలో ఇలాంటి పన్ను జోలికి వెళ్లమనే డాక్టరును “ఎందుకు?” అని ఒకటికి రెండుసార్లు అడగాల్సిందే.

తీయించాల్సిన పన్ను ఏదన్నది ఇంకా సూటిగా తేలుతుంది. సిమెంట్ పెట్టడానికి వీల్లేనంత పుచ్చినది, ముందు పన్ను వెనకవైపు పుచ్చుకు కారణమవుతున్నది, మళ్లీ మళ్లీ చిగురు వాచేది, చుట్టూ తిత్తి కనిపించేది, ముందు పన్ను వేరును కరిగిస్తున్నది. పై జ్ఞానదంతం చెంపవైపు ఒరిగి రోజూ చెంపను కొరుకుతుంటే దాన్నీ తీయించాలి. అలా కొరకడంతో పడిన పుండు రెండు వారాలైనా మానకపోతే పన్ను గురించి కాక పుండు గురించే ముందు చూపించుకోండి. గుట్కా, ఖైనీ, పాన్ అలవాటు ఉన్నవారు ఈ విషయంలో ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు. వక్క, గుట్కా ఎక్కువగా నమిలేవారికి నోరు తెరుచుకునే మేర క్రమంగా తగ్గిపోతుంది. అప్పుడు వెనక పన్ను తీయడానికి పరికరం పెట్టే చోటే ఉండదు. నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టడం లేదంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇంట్లో వినిపించే భయాలు రెండున్నాయి. పై పన్ను పీకిస్తే కంటిచూపు తగ్గుతుందని పెద్దవాళ్లు అంటారు. పంటి నరాలకూ చూపు నరానికీ సంబంధం లేదు, చూపు తగ్గదు. ఇంకోటి చదువుకున్నవాళ్ల నోటినుంచి వస్తుంది. జ్ఞానదంతాలు తోయడం వల్ల ముందు పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయని, అందుకే తీసేయాలని. కింది ముందు పళ్లు వయసుతో కాస్త ఇరుకవడం నిజమే, జ్ఞానదంతం లేనివాళ్లకూ అవుతుంది. ఆ ఇరుకును ఆపడానికి మాత్రమే జ్ఞానదంతం తీయించడంలో ప్రయోజనం కనిపించలేదు. పళ్లకు క్లిప్పులు పెట్టే డాక్టరు వేరే కారణంతో తీయమంటే అది వేరు సంగతి.

వయసు విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. తీయాల్సిన పన్నే అయితే ఇరవైల్లో తీయించుకోవడం మేలు. అప్పటికి కొందరిలో వేర్లు ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండవు, ఎముక కాస్త మెత్తగా ఉంటుంది, గాయం త్వరగా పూడుతుంది. ముప్పై అయిదు దాటాక అదే పన్ను, అదే డాక్టరు, అయినా పని కష్టమవుతుంది. కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. అలాగని ఇరవై రెండేళ్ల కుర్రాడి నోట్లో చక్కగా నిలబడిన పన్నును వయసు దాటిపోతుందని పీకించనక్కర్లేదు. ఒరిగి, సగం వచ్చి, ముందు పన్నును ఆనుకుని ఉన్నదే ఇక్కడ లెక్క. అది ఇంకా నొప్పి పెట్టకపోయినా ఇరవైల్లో తీయించుకోవడం గురించి గట్టిగా ఆలోచించాలన్నది బ్రిటన్ అనుభవం చెప్పే పాఠం.

ఇప్పుడు నరం సంగతి. కింది దవడ ఎముకలో ఒక సన్నని కాలువలో నరం వెళుతుంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శ దాని వల్లే. కింది జ్ఞానదంతం వేర్లు ఆ కాలువకు దగ్గరగా, కొందరిలో ఆనుకుని కూడా ఉంటాయి. నాలుకకు స్పర్శ తెచ్చే నరం ఒకటి లోపలివైపు చిగురుకు దగ్గరగా పోతుంది, నాలుక ముందు భాగపు రుచి కూడా దాని వెంటే వెళ్తుంది. కోతలో వీటికి ఒత్తిడి తగిలితే పెదవో నాలుకో కొన్ని వారాలు, కొన్ని నెలలు తిమ్మిరిగా ఉండవచ్చు. చాలామందికి పోతుంది. శాశ్వతంగా ఉండిపోవడం మొత్తం మీద నూటికి ఒకరి కంటే తక్కువే, కానీ వేరు నరాన్ని ఆనుకుని ఉన్నవారికి ఆ ప్రమాదం ఎక్కువ. పెదవి కదలిక పోదు, మూతి వంకర పోదు. స్పర్శ మాత్రమే తగ్గుతుంది.

ఆ “మాత్రమే” అందరికీ ఒకటి కాదు. నాదస్వరం, సన్నాయి, వేణువు వాయించేవారికి పెదవి స్పర్శే జీవనాధారం. కూర రుచి చూసి ఉప్పు చెప్పాల్సిన వంటమాస్టరుకు నాలుక అంతే. న్యూస్ రీడర్, టీచర్, లాయర్, కాల్ సెంటర్ ఉద్యోగికి మాట స్పష్టంగా పలకాలి. రెండు దవడలనూ ఒకే చిత్రంలో చూపే ఓపీజీ ఎక్స్‌రేలో వేరు నరం కాలువను తాకినట్టు కనిపిస్తే అలాంటివారు “నేను ఈ పని చేస్తాను” అని డాక్టరుకు నోరు విప్పి చెప్పాలి. అప్పుడు సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీసి ఎంత దగ్గరో చూస్తారు. మరీ దగ్గరైతే పన్ను పైభాగాన్ని మాత్రమే కోసి, వేర్లను ఎముకలోనే వదిలేసే పద్ధతి ఒకటుంది, దాన్ని కొరోనెక్టమీ అంటారు. అందరికీ కుదరదు. పుచ్చు పన్ను లోపలి గుజ్జు దాకా వెళ్లినా, వేర్లు కదిలినా ఆ దారి మూసుకుంటుంది. కానీ ఆ పద్ధతి ఉందని తెలిసి అడిగేవాళ్లకు కనీసం ఒక వివరణ దొరుకుతుంది.

డాక్టరు ముందు కుర్చీలో కూర్చున్నప్పుడు ఏమడగాలి? నేనైతే మొదటి ప్రశ్న ఇలా వేస్తాను: “ఈ పన్నులో జబ్బేమిటో ఎక్స్‌రేలో వేలుపెట్టి చూపిస్తారా?” చూపించగలిగితే సగం అనుమానం తీరుతుంది. తర్వాత, రెండేళ్లు ఆగితే ఏమవుతుందో అడగండి. “ఏమైనా కావచ్చు” అనేది జవాబు కాదు. తీసేది ఎవరో కూడా అడగండి. చిన్న పట్టణాల్లో చాలా క్లినిక్‌లకు దవడ శస్త్రచికిత్స నిపుణులు వారంలో ఒకటి రెండు రోజులు విజిటింగ్‌కు వస్తారు. ఎముకలో ఉన్న కింది పన్ను అయితే వారి రోజునే అపాయింట్‌మెంట్ పెట్టించుకోవడం మంచిది. విజిటింగ్ సర్జన్ ఆ రోజు వెళ్లిపోయాక, మూడో రాత్రి నొప్పొస్తే ఎవరు చూస్తారు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నదీ ముందే తేల్చుకోవాలి. నాలుగు పళ్లూ ఒకేసారి తీస్తామంటే, లాభం ఉంది: సెలవు ఒకేసారి పోతుంది. నష్టమూ ఉంది: రెండు వైపులా నమలలేరు. స్థానిక మత్తుతో చేయించుకునేటప్పుడు ఒక వైపు పై, కింది పళ్లు ఒకసారి, రెండో వైపువి మరోసారి అనడం చాలామందికి సౌకర్యం.

ఖర్చు పన్నును బట్టి మారుతుంది. నిటారుగా వచ్చిన పై పన్ను మామూలుగా పీకేదే. ఎముక తొలగించి ముక్కలు చేసి తీసే కింది పన్నుకు దానికి ఎన్నో రెట్లు అవుతుంది. డబ్బు ఇబ్బందిగా ఉంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లో కూడా బయటి క్లినిక్‌ల కంటే తక్కువే తీసుకుంటారు. అక్కడ పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. టైమ్ ఎక్కువ పడుతుంది, రెండు మూడు సార్లు తిరగాల్సి రావచ్చు. దినసరి కూలికి వెళ్లేవారు ఆ తిరుగుడులో పోయే కూలిని కూడా ఖర్చులో కలిపి చూసుకోవాలి.

ఇన్సూరెన్స్ మీద పెద్ద ఆశ వద్దు. సాధారణ ఆరోగ్య పాలసీల్లో ప్రమాదం వల్ల తప్ప పంటి చికిత్సకు డబ్బు రాదు. కంపెనీ గ్రూప్ పాలసీలో కొన్నిసార్లు ఉంటుంది, ఉన్నా ముందస్తు అనుమతి కావాలంటారు. పన్ను పీకించాక బిల్లు పట్టుకుని హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లడం కంటే ముందే ఒక మెయిల్ పెట్టడం నయం. ఈఎస్‌ఐ ఉన్నవారికి చికిత్స అక్కడే దొరుకుతుంది. ప్రస్తుతం నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. జబ్బు సెలవుకు జీతంలో 70 శాతం ఇచ్చే సదుపాయమూ ఉంది, దానికి ముందటి ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా ఉండాలి. అయితే చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. మామూలుగా జబ్బు సెలవులో మొదటి రెండు రోజులకు ఆ డబ్బు రాదు. మూడు రోజులు పడుకుంటే ఒక్క రోజుకే వస్తుంది. సర్టిఫికెట్ కూడా ఈఎస్‌ఐ డాక్టరు నుంచి రావాలి, బయటి డెంటిస్ట్ రాసిన చీటీతో పని జరగదు. కాబట్టి ఫ్యాక్టరీలో మీకు విడిగా క్యాజువల్ లీవ్ ఉంటే మొదటి రెండు రోజులకు అదే వాడుకోవడం మంచిది.

ఇక ఏ రోజు చేయించుకోవాలి? చాలామంది శనివారం సాయంత్రం పెట్టుకుంటారు, ఆదివారం పడుకుని సోమవారం ఆఫీసుకు పోవచ్చని. లెక్క తప్పు. వాపు మొదటి రోజు తక్కువే, రెండు మూడు రోజులకు ఎక్కువవుతుంది. శనివారం తీయిస్తే సోమ, మంగళవారాల్లో ముఖం బాగా ఉబ్బి, నోరు సగమే తెరుచుకుంటుంది. పన్ను ఊడిన గుంటలో రక్తపుగడ్డ కరిగిపోయి, ఎముక బయటపడి పుట్టే భరించలేని నొప్పిని డ్రై సాకెట్ అంటారు. అదీ సాధారణంగా రెండో రోజు నుంచి అయిదో రోజు మధ్యలో వస్తుంది. ఇది కింది జ్ఞానదంతాల్లోనే ఎక్కువ. శుక్రవారం చేయించుకుంటే ఆ నొప్పి క్లినిక్ మూసి ఉండే ఆదివారం రావచ్చు. గురువారం ఉదయం పెట్టుకుంటే వాపు ఎక్కువగా ఉండే రోజులు శని, ఆదివారాల్లోనే గడిచిపోతాయి, సోమవారం ఏదైనా తేడా ఉంటే క్లినిక్ తెరిచే ఉంటుంది. గురువారం, శుక్రవారం సెలవు, అంతే. షిఫ్టుల వాళ్లు వీక్లీ ఆఫ్‌ను బట్టి ఇదే లెక్క వేసుకోవచ్చు.

ఎముక కోసి తీసిన కింది పన్నుకు ఎన్ని రోజులు సెలవు అన్నది పనిని బట్టి ఉంటుంది. కుర్చీలో కూర్చునే పనికి రెండు మూడు రోజులు, ఇంటి నుంచి పని అయితే ఇంకా ముందే. రోజంతా మాట్లాడే టీచర్లు, కాల్ సెంటర్ వాళ్లు వారం పెట్టుకోవడం నయం. ఆపకుండా మాట్లాడితే దవడ నొప్పి తిరిగి పెరుగుతుంది. బరువులు ఎత్తేవాళ్లు, ఎండలో పనిచేసేవాళ్లు కనీసం నాలుగైదు రోజులు ఆగాలి. ఒంటికి శ్రమ పెరిగితే రక్తం మళ్లీ కారవచ్చు. డ్రైవర్లు డాక్టరును ముందే అడగాల్సినది: ఈ మాత్రల్లో మత్తు కలిగించేవి ఉన్నాయా? ట్రమడాల్ లాంటివి వేసుకుని స్టీరింగ్ పట్టకూడదు. నొప్పికి ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కలిపి ఇస్తే చాలామందికి సరిపోతుంది, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, ఆస్తమా ఉన్నవారికి ఐబుప్రొఫెన్ పనికిరాకపోవచ్చు. బైక్ మీద వచ్చేవాళ్లు హెల్మెట్ సంగతి ఆలోచించుకోండి. వాచిన చెంపను అది నొక్కుతుంది, హెల్మెట్ తీసి నడపడమూ కుదరదు. ఆ వారం ఎవరితోనైనా రావడమే మార్గం. పెళ్లి ఫొటోలు పది రోజుల్లో ఉన్నవారు, దయచేసి పెళ్లయ్యాక చేయించుకోండి.

చేయించుకునే రోజు ఖాళీ కడుపుతో రావాలేమోనని చాలామంది మాడుతూ వస్తారు. స్థానిక మత్తుకు అక్కర్లేదు, టిఫిన్ తినే రండి, షుగర్ ఉన్నవాళ్లు తప్పకుండా తినాలి. పూర్తి మత్తు ఇస్తేనే ఉపవాసం. రక్తం పలచబడే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు. ఎముకలు బలహీనమైనవారికి ఇచ్చే కొన్ని మాత్రలు, ఇంజెక్షన్లు దవడ ఎముక మానకుండా చేయగలవు, వాడుతుంటే తప్పక చెప్పండి. గర్భనిరోధక మాత్రలు వాడేవారికి డ్రై సాకెట్ ప్రమాదం కాస్త ఎక్కువ, అదీ చెప్పాల్సిందే. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న దంపతుల్లో భార్యకు ఇదివరకే చిగురు వాచి ఉంటే, గర్భం రాకముందే ఆ పన్ను సంగతి తేల్చుకోవడం సుఖం. గర్భంతో ఉండగా తప్పనిసరైతే మధ్య మూడు నెలల్లో చేస్తారు.

పన్ను తీశాక పాటించాల్సిన జాగ్రత్తలు తేలికవే కానీ ఉల్లంఘించేదీ వాటినే. మొదటి రోజు పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు. గుంటలో పేరుకున్న గడ్డ కదిలిపోతుంది. మొదటి రోజు బయట నుంచి ఐస్, మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లు. చల్లారిన రాగి జావ, పెరుగన్నం, మజ్జిగ, పాలలో నానిన ఇడ్లీతో రెండు మూడు రోజులు గడిపేయవచ్చు. పెదవి తిమ్మిరి పోకముందు వేడి టీ తాగితే కాల్చుకున్నా తెలియదు. సిగరెట్, బీడీ, గుట్కా మూడు రోజులు కచ్చితంగా వద్దు, వారం ఆగితే మంచిది. డాక్టరు మెట్రోనిడజోల్ రాస్తే ఆ వారం మద్యం మానాలి, కలిస్తే వాంతులు కావచ్చు. మూడో రోజు నుంచి నొప్పి తగ్గాల్సింది పెరుగుతూ చెవిలోకి పోటెత్తితే అది డ్రై సాకెట్ కావచ్చు. మాత్రల మీద మాత్రలు మింగకుండా వెళ్లి గుంట కడిగించుకుని మందు పెట్టించుకుంటే గంటల్లో తేలికపడుతుంది.

విదేశాలకు వెళ్లేవాళ్ల ఇళ్లలో మరో సలహా తిరుగుతుంటుంది: అమెరికా వెళ్లే ముందు అన్నీ పీకించేసుకోమని. అక్కడ దంత చికిత్స ఖరీదైనదే. చాలా డెంటల్ పాలసీలు ఏడాదికి వెయ్యి నుంచి రెండు వేల డాలర్ల దాకానే చెల్లిస్తాయి, విద్యార్థుల ఆరోగ్య పాలసీలో పళ్లు తరచూ ఉండవు. కానీ ఆ భయానికి మంచి పళ్లు పీకించడం సరికాదు. ప్రయాణానికి మూడు నెలల ముందు ఒక ఓపీజీ తీయించుకుని, ఇదివరకు చిగురు వాచిందా లేదా చూసుకుని, కారణం ఉన్న పన్నును మాత్రమే తీయించుకోవాలి. మూడు నెలల గడువు ఎందుకంటే కుట్లు తీశాక కూడా గుంట పూడడానికి వారాలు పడుతుంది. ఫ్లైట్ ఎక్కడానికి నాలుగు రోజుల ముందు తీయించుకుంటే డ్రై సాకెట్‌తో ప్రయాణం చేయాల్సి రావచ్చు. దుబాయ్, సౌదీ క్యాంపులకు వెళ్లే నిజామాబాద్, జగిత్యాల, కడప యువకులకూ ఇదే మాట. అక్కడ పంటి నొప్పికి సెలవు అడగడం ఇక్కడి కంటే కష్టం.

ఉంచుకోవాలని నిర్ణయించినవారికి కొంత పని ఉంటుంది. చిన్న తల ఉన్న బ్రష్ కొనండి. నోరు పూర్తిగా తెరిస్తే చెంప బిగుసుకుని వెనక చోటు మూసుకుపోతుంది, కాబట్టి నోరు సగం మూసి బ్రష్‌ను పక్కనుంచి పన్ను వెనక్కు తిప్పాలి. ఆరు నెలలకోసారి, అది కుదరకపోతే ఏడాదికోసారి చూపించుకుని, డాక్టరు అవసరమన్నప్పుడు కొత్త ఎక్స్‌రే తీయించి పాతదానితో పోల్చి చూడమనాలి. పాతది మీ దగ్గర ఉంటేనే పోల్చడం కుదురుతుంది. క్లినిక్ మారినా, ఊరు మారినా పనికొచ్చేలా ఆ ఓపీజీ ఫైలును ఫోన్‌లో, మెయిల్‌లో రెండు చోట్లా దాచుకోండి. ఫిల్మ్ మాత్రమే ఇస్తే కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టి, తేదీ కనిపించేలా ఫొటో తీసుకున్నా సరిపోతుంది. కింది జ్ఞానదంతం ఒక్కటే తీయించుకున్నవారు దాని ఎదురుగా పైన ఉన్న పన్ను గురించి కూడా అదే రోజు అడగాలి. నమలడానికి జత లేని పై పన్ను కొన్నేళ్లలో కిందికి జారి కింది చిగురును తాకడం మొదలుపెట్టవచ్చు.